నాలుగు బోల్టుల ఆలస్యం

ఆదివారం పొద్దున, అపార్ట్‌మెంటు కింద పార్కింగ్‌లో కారు బానెట్ ఎత్తి అందులో తల దూర్చాడు అతను. కొత్త ఫ్యాన్ ఇంకా అట్టపెట్టెలోనే ఉంది. అంతకన్నా ముందు చేయవలసిన పని ఒకటుంది. పాత ఫ్యాన్ వైరు చివర, ఊడదీసిన ప్లగ్గుకి తన చేతులతో తనే చుట్టిన నల్లటేపు ఉంది. తండ్రి టీ తాగి కిందికి దిగేలోపు దాన్ని మాయం చెయ్యాలి. గోళ్లతో పీకి, ఉండచుట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు. ఆ కాస్త పనికే ముచ్చెమటలు పోశాయి.

రేడియేటర్ వెనక ఉండే ఆ ఫ్యాన్ వానాకాలం నుంచీ మూలుగుతోంది. బేరింగ్ అరిగిపోయింది. ఇంజను వేడెక్కి అది తిరగడం మొదలుపెట్టిందంటే పార్కింగంతా ఒకటే హోరు. పై అంతస్తులో పిల్లలకు లెక్కలు చెప్పే ట్యూషన్ మాస్టారు కిటికీలోంచి తొంగిచూసి, "పిండిమర వచ్చిందర్రా, గిన్నెలు తెచ్చుకోండి" అని రోజూ అదే జోకు వేసేవాడు. మనవాడు మాట పడలేడు, అలాగని పని ముట్టుకోడు. వచ్చే ఆదివారం చూద్దాంలే అనుకుంటూ చాలా ఆదివారాలు దొర్లించాక, ఒక సాయంత్రం చిర్రెత్తుకొచ్చి ప్లగ్గు ఊడబీకి, దుమ్ము పడకుండా టేపు చుట్టేశాడు. ఫ్యాన్ నోరూ మాస్టారి నోరూ ఒకేసారి మూతపడ్డాయి.

అతను పనిచేసే గోడౌన్ ఊరి బయట, హైవే పక్కన ఉంది. రోడ్లు ఖాళీగా ఉన్నప్పుడే వెళ్తాడు. బండి వేగంగా పోతున్నంతసేపూ ఎదురుగాలే ఇంజన్ని చల్లబరుస్తుంది కాబట్టి ఫ్యాన్ లేకపోయినా నడిచిపోతుంది. ఇంత లెక్క వేసినవాడికి, ఆ కారు తన భార్య కూడా నడుపుతుందన్న సంగతి మాత్రం తట్టలేదు.

ఆమె ఫిజియోథెరపిస్టు. కాళ్లూ చేతులూ పట్టుతప్పినవాళ్ల ఇళ్లకే వెళ్లి వ్యాయామాలు చేయించే ఉద్యోగానికి ఒక ఆసుపత్రి ఆమెను ఎంపిక చేసింది. ఊరంతా తిరగాలి, కారు నడపడం తప్పనిసరి. అందుకని మామగారి దగ్గర నేర్చుకుంది. ఆయన బతుకంతా బస్సు నడిపి రిటైరయ్యారు. వీధిలో ఆయన్ని ఇప్పటికీ అందరూ డ్రైవర్‌గారనే పిలుస్తారు. కోడలికి పాఠాలు చెప్పినన్నాళ్లూ ఆయన మీసం కిందికి దిగలేదు.

మొన్న సాయంత్రం, ఆఫీసులు వదిలే వేళ, మొదటిసారి ఒక్కతే కారు తీసుకుని వెళ్లింది. రద్దీ కూడలిలో బండి ఆగి, కదిలి, మళ్లీ ఆగి, చివరికి బానెట్ కిందనుంచి పొగలు కక్కింది. వేడి చూపించే ముల్లు ఎర్రగీత చేరడం చూసి ఆమె ఇంజను ఆపేసింది. వెనక హారన్లు, పక్కనుంచి తిట్లు. ఎవరో నలుగురు దిగి కారుని పక్కకు నెట్టారు. కబురందుకుని పరుగెత్తుకొచ్చిన అతనికి ఆవిరిని చూడగానే విషయం అర్థమైపోయింది. కానీ నోటివెంట వచ్చిన మాట వేరు.

"ముల్లు పైకి పోతుంటే చూసుకోవద్దూ? కళ్లు ఎక్కడ పెట్టుకుని నడుపుతున్నావ్?"

అంతమందిలో ఆమె తల దించుకుంది. ఇంటికొచ్చాక తండ్రితోనూ అదే మాట అన్నాడు. ఫ్యాన్ పోయింది, అయినా ముందే ఆపి ఉంటే ఇంత జరిగేది కాదు, అన్నాడు. డ్రైవర్‌గారు చిన్నగా తల ఊపారు. ఆ తల ఊపడం ఆమె చూసింది. ఆ రాత్రి నుంచి కారు తాళంచెవి వంక కన్నెత్తి చూడలేదు. ఉద్యోగంలో చేరేదీ లేనిదీ సోమవారంలోగా చెప్పాలి. నా వల్ల కాదు, మానేస్తాను, అంటోంది. అతను ఏదో ఒకటి చెప్పబోయి ప్రతిసారీ నీళ్లు నమిలాడు. అసలు ప్లగ్గు పెట్టేస్తే సరిపోయేది. కానీ ఫ్యాన్ పోయిందని అందరికీ చెప్పాక, ఆ అబద్ధానికి తోడుగా కొత్త ఫ్యాన్ కూడా కొనక తప్పింది కాదు.

డ్రైవర్‌గారు ప్లాస్టిక్ స్టూలు పట్టుకుని దిగి, కారు ముందు వేసుకుని కూర్చున్నారు.

"బ్యాటరీ వైరు తీశావా?"

"తీశాను నాన్నా."

"అయితే పై బోల్టులు విప్పు. ఫ్రేముతో సహా నిటారుగా పైకి లాగాలి. రేడియేటర్ రేకులకి తగిలిందో, అదో కొత్త ఖర్చు."

అతను విప్పాడు. ఊపిరి బిగబట్టి, ఫ్యాన్‌ని ఫ్రేముతో సహా మెల్లగా పైకి తీసి నేలమీద పెట్టాడు. అట్టపెట్టె విప్పబోతుంటే తండ్రి చెయ్యి అడ్డం పెట్టారు.

"ఉండు. పాతదానికి ఒకసారి కరెంటిచ్చి చూద్దాం."

"ఎందుకు నాన్నా, పోయిందాన్ని పట్టుకుని."

"పోయిందని చూసి పారేయాలి గానీ, అనుకుని పారేస్తామా? మా డిపోలో అలా పారేస్తే షెడ్డు మేస్త్రీ చెవి మెలేసేవాడు."

కాదంటే అనుమానం వస్తుంది. రెండు వైరుముక్కలు తెచ్చి, ఒక కొస ఫ్యాన్‌కి, రెండో కొస బ్యాటరీకి తగిలించాడు. తిరక్కపోతే బాగుండునని లోలోపల వెయ్యి దణ్ణాలు పెట్టుకున్నాడు. పాడు ఫ్యాన్ బ్రహ్మాండంగా తిరిగింది. హోరుకి పైన కిటికీ తెరుచుకుంది. మాస్టారు కిందికి చూసి, తండ్రి మొహం చూసి, జోకు మింగేసి కిటికీ మళ్లీ మూసేశాడు.

డ్రైవర్‌గారు స్టూలు మీదనుంచి వంగి ఆ ఫ్యాన్‌ని చూశారు.

"గోల చేస్తోంది గానీ తిరుగుతోంది. అంటే మొన్న దీనికి కరెంటు అందలేదు. ప్లగ్గు వదులై ఊడిపోయి ఉంటుంది." ఆయన గొంతు తగ్గింది. "తప్పు నాదేరా. గేర్లు నేర్పాను, రివర్సు నేర్పాను. బండి తీసేముందు బానెట్ ఎత్తి ఓసారి చూసుకోమని మాత్రం చెప్పలేదు. నేను రోజూ చూసుకునేవాణ్ణి, ఆ పిల్లకి చెప్పడం మరిచాను. పైగా నువ్వేదో అంటే తలూపాను."

మోకాళ్లమీద చేతులు వేసి లేవబోయారు.

"ఎక్కడికి నాన్నా?"

"పైకి. అమ్మాయికి ఒక మాట చెప్పొస్తాను. పాఠం చెప్పినవాడిదే తప్పు అని."

తండ్రి మెట్లెక్కి, చెయ్యని తప్పుకి కోడలి ముందు నిలబడటం కళ్లముందు మెదిలింది. జేబులోంచి టేపు ఉండ తీసి తండ్రి చేతిలో పెట్టాడు.

"ఊడిపోలేదు నాన్నా. నేనే పీకేశాను. మాస్టారు నవ్వుతున్నాడని."

డ్రైవర్‌గారు ఆ ఉండని వేళ్లమధ్య నలిపి చూశారు. తిట్టలేదు. తిట్టి ఉంటే కొంత తేలికయ్యేది.

"మొన్న అక్కడ నిలబడినప్పుడు తెలుసా నీకు?"

"తెలుసు."

"తెలిసే ఆ పిల్లని అన్నావా?"

ఎవరైనా బానెట్ ఎత్తేలోపు తప్పు ఇంకొకరి మీదికి నెట్టేయాలన్న కంగారు తప్ప, ఆ క్షణంలో తనలో ఇంకేమీ లేదని అతనికి తెలుసు. అది తండ్రితో కూడా చెప్పుకోలేనంత సిగ్గుగా ఉంది.

"వెళ్లు. ఇప్పుడే వెళ్లి చెప్పు," అన్నారు డ్రైవర్‌గారు.

"నాలుగు బోల్టులే కదా నాన్నా. బిగించేసి వెళ్తాను."

అతను కొత్త ఫ్యాన్‌ని దించి, కింది గాడిలో కూర్చోబెట్టి, బోల్టులు ఒక్కొక్కటీ బిగించాడు. ఒకసారి బిగించినదాన్ని ఇంకోసారి బిగించాడు. ప్లగ్గు పెట్టాడు, బ్యాటరీ తగిలించాడు, నీళ్ల మట్టం చూశాడు, ఇంజను ఆన్ చేసి ముల్లు సగానికి వచ్చేదాకా కాపలా కాశాడు. కొత్త ఫ్యాన్ చప్పుడు లేకుండా తిరిగింది. అప్పటికి గానీ చేతులు తుడుచుకుని మెట్లెక్కలేదు.

ఆమె వంటింటి గట్టుకి ఆనుకుని నిలబడి ఉంది. చేతిలో ఫోను.

ఒక్క గుక్కలో చెప్పేశాడు. హోరు, మాస్టారు, ప్లగ్గు, టేపు, కూడలిలో తను అన్న మాట, అన్నీ. అయ్యాక ఆమె ఒకటే అడిగింది.

"అయితే మొన్న నేను చేసిన తప్పేంటి?"

"ఏమీ లేదు. ముల్లు ఎర్రగీత చేరగానే ఇంజను ఆపేశావు. అందుకే ఇంజను బతికింది. నేనైనా అంతకన్నా ముందు ఆపేవాణ్ణి కాదు."

ఆమె కళ్లలో గిర్రున నీళ్లు తిరిగాయి. కూడలిలో అంతమంది తిట్టినప్పుడు ఏడవని మనిషి.

"ఇప్పుడే ఆసుపత్రికి ఫోన్ చేసి మానేస్తున్నానని చెప్పేశాను," అంది. "కింద మీరు ఇంజను ఆన్ చేసిన చప్పుడు విన్నాక చేశాను. బండి బాగైపోయింది, ఇక పాడుచేసేదాన్ని నేనే కదా అనిపించింది. నాకు కారు నడపడం రాదని చెప్పాను వాళ్లకి."

కిందనుంచి నేరుగా వచ్చి ఉంటే.

"మళ్లీ చేద్దాం. నేను మాట్లాడతాను. తప్పంతా నాదని చెప్తాను."

ఆమె ఫోను అందించింది. అతను మాట్లాడాడు. ఫ్యాన్ గురించి, తన నిర్వాకం గురించి, ఎవరో ముక్కూమొహం తెలియని ఆవిడకి మొదటినుంచీ చెప్పుకొచ్చాడు. ఆవిడ ఓపిగ్గా విని, జాబితాలో తరువాతి పేరున్న అమ్మాయికి అప్పుడే చెప్పేశామండీ, ఆ అమ్మాయి సరేనంది, మళ్లీ ఖాళీ వస్తే చూద్దాం, అంది. మాటలు ఆమెకీ వినిపించాయి.

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. గోడకున్న తాళంచెవి తీసుకుని కిందికి దిగింది. స్టూలు మీదనుంచి డ్రైవర్‌గారు గబుక్కున లేచి పక్కసీటు తలుపు పట్టుకున్నారు.

"వద్దు మామయ్యా. ఒక్కదాన్నే వెళ్తాను."

ఆయన తలుపు వదిలేసి పక్కకు జరిగారు. ఆమె అద్దాలు సర్దుకుని, వెనక్కి చూసుకుని, కారుని స్తంభాల మధ్యనుంచి ఒక్క తిప్పుతో బయటికి తీసింది. వెనకే దిగివచ్చిన అతను పరుగెత్తి గేటు తెరిచి పట్టుకున్నాడు. ఎక్కడికి వెళ్తున్నావని అడగడానికి అతనికి మొహం చెల్లలేదు.