ఆరు తర్వాత

సైనిక శిబిరం గేటు దగ్గర ఫోన్లు తీసుకుని, సంచిలో వేసి, చేతిలో ఇత్తడి టోకెన్ పెట్టారు. పంతులమ్మకు అక్కడే గుండె జారింది. పొద్దున్నే లేచి ఛార్జింగు పెట్టుకుని, రెండు బస్సులు మారి వచ్చింది ఆ గొంతును ఫోనులో పట్టుకెళ్దామనే.

"పోనీలే అమ్మా, చెవులున్నాయిగా," అంది కూతురు.

ఆ గొంతు ఆ పిల్ల తండ్రిది. పిల్ల కడుపులో ఉండగానే ఆయన ఎక్కిన లారీ లోయలో పడింది. ఫొటోలున్నాయి, ఉత్తరాలున్నాయి, గొంతు మాత్రం ఎక్కడా లేదు. మాటలు కూడా దాచుకోవాలన్న తెలివి అప్పట్లో ఎవరికుంది! నాన్న ఎలా మాట్లాడేవాడని పిల్ల అడిగినప్పుడల్లా పంతులమ్మ అనుకరించబోయేది. అది కాస్తా మావగారి దగ్గులా తేలేది. ఇద్దరూ పగలబడి నవ్వేవారు, నవ్వయ్యాక ఇద్దరికీ దిగులేసేది.

ఆయన ఈ శిబిరంలోనే వైర్‌లెస్ నేర్పేవాడు. సెట్టు పలుకుతోందో లేదో చూడ్డానికి ఒకటి నుంచి పది వరకూ లెక్కపెట్టడం వాళ్ళ పద్ధతి. ఆయన మాత్రం ఆరు దగ్గర ఒక్క ఊపిరి ఆగేవాడు. చిన్నప్పుడు వాళ్ళమ్మ ఇంటి మెట్ల మీద అంకెలు నేర్పిందట. ఆరు మెట్లు, కాస్త చదును, మళ్ళీ నాలుగు మెట్లు. ఆ చదును మీద ఊపిరి తీసుకునే అలవాటు ఆయన్ని జన్మలో వదల్లేదు. కాపురానికొచ్చిన పంతులమ్మకీ అంటుకుంది, ఆవిడ నుంచి ఒకటో తరగతి పిల్లలకీ అంటుకుంది. రెండో తరగతి టీచరు ఏటా తల పట్టుకునేది. ఆ టీచరే పిల్లల్ని ఇక్కడి మ్యూజియానికి తీసుకొచ్చి వెళ్ళి, "అక్కడ టేపులో కూడా మీలాంటి మహానుభావుడొకడు ఆరు దగ్గర ఆగుతున్నాడండీ," అని చెప్పింది. అప్పట్నుంచి పంతులమ్మకు అన్నం సయిస్తే ఒట్టు.

ఫిరంగులు, పతకాలు, తూటా దిగిన హెల్మెట్టు, అన్నిటినీ మర్యాదకైనా ఆగకుండా దాటేసి తల్లీకూతుళ్ళు వైర్‌లెస్ గదిలో పడ్డారు. హెడ్‌ఫోన్లు ఒక్క జతే ఉన్నాయి. చెరో చెవికి ఆనించుకుని బొత్తాం నొక్కారు. చిటపటల వెనక నుంచి ఒక మగ గొంతు లెక్కపెట్టింది. నాలుగు, అయిదు, ఆరు. ఆగింది. ఏడు.

"నాన్నేనా?" అంది కూతురు. పంతులమ్మ తలూపింది.

అయిదోసారి బొత్తాం నొక్కబోతుంటే ఆ గది చూసుకునే గైడు దగ్గరకొచ్చాడు. సైన్యంలో రిటైరైనవాడు, చెవుల పక్కన జుట్టు నెరిసింది. మీవాళ్ళెవరైనా ఇక్కడ పనిచేశారా అని అడిగాడు. పంతులమ్మ భర్త పేరు చెప్పి, ఇది ఆయన గొంతేనంది. అతని ముఖం పాలిపోయింది. ఊరుకుంటే సరిపోయేది, కానీ ఊరుకోలేకపోయాడు.

"క్షమించండమ్మా. ఆ గొంతు నాది. సార్ చేతికింద నేర్చుకున్న చివరి బ్యాచి మాది. సార్ ఎలా లెక్కపెడితే మేమూ అలాగే పెట్టేవాళ్ళం. ఆగడం కూడా పాఠమే అనుకున్నాం."

నిజం చెప్పినందుకు అతని మీద పంతులమ్మకు ఒళ్ళు మండింది. తాము గడప దాటేదాకా నోరు మూసుకుంటే అతని సొమ్మేం పోయేది? కూతురు హెడ్‌ఫోన్లు తీసి, పసిపిల్లను పడుకోబెట్టినట్టు బల్లమీద పెట్టింది. అది చూశాక తల్లికి ఏడుపు ఆగలేదు.

కాసేపటికి అతనే నెమ్మదిగా అడిగాడు, అసలు ఆరు దగ్గర ఎందుకాగాలని. ఒకసారి సార్‌ని అడిగితే నెత్తిన మొట్టికాయ పడిందట. కారణం తెలీకుండానే తనూ ఎంతోమంది కొత్తవాళ్ళకి అలాగే నేర్పాడట. పంతులమ్మ మెట్ల సంగతి చెప్పింది. అతను గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

"ఒక్కసారి నోటితో చెప్పు తమ్ముడూ," అంది పంతులమ్మ.

అతను మడమలు చేర్చి నిటారుగా నిలబడ్డాడు. కూతురు కళ్ళు మూసుకుంది. ఒకటి, రెండు, మూడు. గొంతు అతనిదే, అందులో అనుమానమేం లేదు. నాలుగు, అయిదు, ఆరు.

ఆగాడు.

"ఏడు అనకు తమ్ముడూ," అంది పంతులమ్మ. "ఆయన్ని ఇంకాసేపు ఉండనీ."