రాణీగారికి వీపు చూపిన మంత్రి

ఆడదాని చేతిలో ఉలి కనిపిస్తే మా టంకశాల ఊళ్లో అచ్చులు చెక్కేవాళ్ల సంఘం పెద్దలకు అస్సలు గిట్టదు. నాణేల అచ్చులు చెక్కే మా ఆయన హైనో పోయి ఏడాది కావస్తోంది. కట్టుబాటు ప్రకారం ఆ ఏడాది లోపల నేను కొట్లో పనివాణ్ణి పెళ్లాడాలి, లేదా కొట్టు వాడికి వదిలేసి బయటికి నడవాలి. ఆ పనివాడు యోస్ట్. వయసులో నాకు సగం, పొగరులో రెట్టింపు. అప్పుడే మా ఆయన కుర్చీలో కాళ్లు చాపుకుని బీరు తాగుతున్నాడు వెధవ.

“చూడు ఒట్టీలియా, మీ ఆయన సగంలో వదిలేసిన వెండి టాలర్ నాణెం అచ్చు ఉంది కదా, అది నువ్వు పూర్తి చెయ్యి. చేసింది నీ చెయ్యేనని నీ పనివాడు పదిమందిలో ప్రమాణం చేస్తే కొట్టు నీదే,” అన్నాడు సంఘం పెద్ద క్రిస్పిన్.

యోస్ట్ పళ్లికిలించాడు. “నా నోటితో నేనెందుకు చెప్తాను పెద్దయ్యా? నాకేమన్నా పిచ్చా?”

అయినా కసి కొద్దీ చెక్కాను. నాణెం మీద మా రాణీగారూ, మంత్రి ఫోన్ డోర్న్‌బక్‌గారూ ఎదురెదురుగా ఒకరినొకరు చూసుకుంటూ ఉండాలి. రాణీగారి ముఖం మా ఆయన చెక్కి పోయాడు. నాకు మిగిలింది మంత్రిగారు, అంటే ముఖ్యంగా ఆయన ముక్కు. ఆ ముక్కు మీద పిట్టలు వాలొచ్చు.

మా ఆయన కాగితం మీద బొమ్మని తిరగేసే గీసేవాడు. అచ్చులో తిరగబడి ఉంటేనే కదా నాణెం మీద తిన్నగా పడేది. నేను ఉన్నదున్నట్టు చెక్కి సాయం చేసేదాన్ని. ఈ మంత్రిగారి బొమ్మ మాత్రం గీసింది కోటలో చిత్రకారుడు. ఆయన తిన్నగానే గీశాడు. నేను పాత అలవాటు కొద్దీ ఉన్నదున్నట్టే చెక్కేశాను. మైనంలో ఒత్తి చూసుకోలేదా అంటే, చూసుకున్నాను. మళ్లీ మళ్లీ చూసుకున్నాను, కానీ ముక్కునే. ఎంత బాగా కుదిరిందో అని మురిసిపోయాను.

రాణీగారి పుట్టినరోజున ఆవిడా మంత్రిగారూ టంకశాలకు వచ్చారు. క్రిస్పిన్‌తో పాటు ఊరి జనమంతా చుట్టూ చేరారు. నాణేలు నాలుగైదు పడ్డాయో లేదో, మొదటిది పళ్లెంలో పెట్టి ఇచ్చారు. ఎవరూ అడగకముందే యోస్ట్ ముందుకు దూకాడు.

“నేనే చెక్కాను తల్లీ. ఆవిడ కొలిమి ఊదిందంతే.”

నాకు ఒళ్లు మండిపోయింది. ఏడుపూ వచ్చింది. నా కష్టమంతా వాడి నోట్లో పడిపోయింది.

రాణీగారు నాణెం చూసి మంత్రిగారికి అందించింది. నాణెంలో ఆవిడ ఎంతో ఆప్యాయంగా మంత్రిగారి వీపు వైపు చూస్తోంది. ఆయనేమో పెడమొహం పెట్టి అంచు దాటి పోతున్నాడు. నేను చేసిన పొరపాటు నాకు అప్పుడు తెలిసింది.

మంత్రిగారి ముఖం బీట్‌రూట్ అయింది. “రాణీగారికి వీపు చూపిస్తానా నేను? ఎవడ్రా దీన్ని చెక్కింది?”

“నేను కాదు ప్రభూ,” యోస్ట్ మోకాళ్ల మీద పడ్డాడు. “ఆవిడే. ప్రతి గీతా ఆవిడదే. నేను ఉలి ముట్టుకునుంటే నా చేతులు పడిపోను. కావాలంటే ఈ పెద్దయ్య ముందు, దేవుడి మీద ప్రమాణం చేస్తాను.”

“నిజమేనా అమ్మా?” అంది రాణీగారు.

“నిజమేనమ్మా. తప్పు నాదే. ముక్కూ నాదే.”

ఆవిడ పకపకా నవ్వింది. “ఇన్నేళ్లూ నా ఎదురుగా నిలబడి నా చెవులు తిన్నాడు. ఇవాళ్టికి అటు తిరిగాడు. ముక్కు మాత్రం ఆయనదే, సందేహం లేదు. ఈవిడ జోలికి ఎవరూ వెళ్లకండి.”

మంత్రిగారు అక్కడికక్కడే అచ్చు పగలగొట్టించారు. పడిన ఆ నాలుగైదు నాణేలనూ రాణీగారు తన సంచిలో వేసుకుంది.

నేను క్రిస్పిన్ వైపు తిరిగాను. “పెద్దయ్యా, పదిమందిలో ప్రమాణం అయినట్టేగా?”

ఆయన చుట్టూ ఉన్న జనాన్ని చూశాడు, యోస్ట్‌ని చూశాడు. ఇక తప్పించుకునే దారి దొరకలేదు.

“అయింది,” అన్నాడు.

మంత్రిగారి బండి కోట దారి పట్టినా, యోస్ట్ ఇంకా ఒట్లు వేస్తూనే ఉన్నాడు.