నిగనిగలాడిన రెక్క

పాలిష్ బావ, విమానం నమూనాల మీదికి పెద్ద ఫ్యానుతో గాలి వదిలి పరీక్షించే ఆ గాలి సొరంగం దగ్గర పనిచేసే వాళ్లందరికీ బావే. నిజానికి బావ వరస అయ్యేది ఒక్క ఇంజినీరమ్మకే. ఆయన భార్య ఆమెకు సొంత అక్క. పరీక్షకు పెట్టే నమూనా రెక్కల్ని నున్నగా రుద్దడం ఆయన పని. రెక్క మీద వాలిన ఈగ కాలు జారి పడాలన్నది ఆయన పంతం.

మరదలి పని సరిగ్గా దానికి ఎదురు. రెక్కను ఒరుసుకుంటూ పోయే గాలి చిన్న చిన్న సుడులు తిరిగి, విమానాన్ని వెనక్కి పట్టి లాగుతుంది. ఆ సుడులు రెక్కకు అంటుకోకుండా, వెంట్రుక కంటే సన్నని చాళ్లున్న పొర ఒకటి చేయించింది ఆమె. చాళ్ల అంచులు పదునుగా ఉంటేనే అది పనిచేస్తుంది. పొర పోసిన అచ్చు విరిగిపోయింది. మిగిలింది ఒకే ముక్క. ఇవాళ లాగుడు తగ్గిందా, పని సాగుతుంది. తగ్గలేదా, సొరంగానికి తాళం పడుతుంది, ఆమె ఏళ్ల కష్టం అటకెక్కుతుంది.

"బావా, బుడగల్లేకుండా అంటించు చాలు. ఇంకేం చెయ్యకు."

"నాకు చెప్తున్నావటే! మీ అక్కతో కాపురం చేసేవాడికి, వద్దన్నది చెయ్యకుండా ఉండటం రాదా?"

"ఈ మాట అక్కకి చెప్తా."

"చెప్పు తల్లీ. రాత్రికి నాకు అన్నం ఉండదు."

పరీక్ష చూసి ఏ సంగతీ తేల్చడానికి వస్తున్న పెద్దసారుకి ఆమె నవ్వుకుంటూ ఎదురెళ్లింది. బావ పొరను తడిమి తడిమి అంటించాడు. ఒక్క బుడగ లేదు. కానీ పొర మసకగా ఉంది, పైగా వేలిముద్రలు. పెద్దసారు చూస్తే మరదలి పరువేం కాను? చెయ్యి దానంతటదే పాలిష్ డబ్బా మీదకి పోయింది. మెత్తటి గుడ్డతో గుండ్రంగా, కూనిరాగం తీస్తూ రుద్దాడు. ట్యూబులైటు అందులో కనిపించేదాకా రుద్దాడు.

ఫ్యాను హోరెత్తింది. అందరూ తెర మీద లాగుడు చూపించే అంకెనే చూస్తున్నారు. పొర లేనప్పుడు ఎంత ఉందో, ఇప్పుడూ అంతే. రవ్వంత కూడా దిగలేదు.

"ఆలోచన మంచిదేనమ్మా," అన్నాడు పెద్దసారు కళ్లద్దాలు తుడుచుకుంటూ. "గాలి ఒప్పుకోవద్దూ?"

ఫ్యాను ఆగాక ఆమె లోపలికి వెళ్లి రెక్క మీద గోరు గీసింది. చాళ్లు ఎక్కడా గోటికి తగల్లేదు.

"బావా, ఇదేంటి ఇంత మెరుస్తోంది?"

"మసగ్గా ఉంటేనూ... కాస్త రుద్దాను."

ఆమె అక్కడే నేల మీద చతికిలబడింది. బావ బయటికి పోతున్న పెద్దసారు వెనకే పరిగెత్తాడు.

"సార్, ఆవిడ తప్పేం లేదండీ! నేనే రుద్ది చెడగొట్టాను!"

"మరదలి కోసం ఎవరైనా అలాగే చెప్తారు బావా. మీ చోట ఉంటే నేనూ చెప్దును," అంటూ భుజం తట్టి ఆయన కారెక్కాడు. నమ్మినా ఏం లాభం? ఇంకో ముక్క ఏదీ?

సాయంత్రం కరెంటువాళ్లు ఫ్యాను తీగలు విప్పుతుంటే, బావా మరదలూ చెరో కొసా పట్టి రెక్కను పెట్టెలో దించారు.

"నాలుగు తిట్టవే."

"తిడితే చాళ్లొస్తాయా?" మూత అందుకుంటూ అడిగింది. "నువ్వు రుద్దకపోయుంటే తగ్గేదంటావా?"

"ఎందుకు తగ్గదు? తగ్గి తీరేది!"

"నీకేం తెలుసు బావా?"

ఆయన తల దించుకున్నాడు. "తెలీదమ్మా."

"నాకూ తెలీదు. ఇక తెలియదు కూడా."

మూత బిగించడానికి ఆయన చేతులు రాలేదు. ఆమే మరలు తిప్పింది.