భవాని ఓణీల సీడీ

కొత్తపేటలో ప్రకాశరావు పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ వీడియో తీసేవాడు. తీసినదాన్ని ఇంట్లో కూర్చుని, అక్కర్లేనివి కోసేసి, పాటలు కలిపి సీడీ చేసేది అతని భార్య కుసుమ. కంప్యూటరు వీధి గదిలో ఉండేది. ఆ గది కిటికీ అవతలే పీచు యార్డు. కొబ్బరి డొక్కల్ని మిషనులో వేసి కొడుతుంటే లేచే పొడి పొద్దస్తమానం ఇంట్లోకి వచ్చి పడేది. కుసుమ గుడ్డ పెట్టి టీవీ తెర తుడిచేది, మానిటరు తుడిచేది. లోపల ఏం పేరుకుంటోందో ఆవిడకి తెలియదు.

రెండువేల నాలుగు వేసవిలో బాపిరాజుగారి అమ్మాయి పెళ్ళి వీడియో చేస్తుండగా కంప్యూటరు మొరాయించింది. బొమ్మ ఆగి ఆగి కదిలేది. మేళం వాయించడం అయిపోయాక తెరమీద పెళ్ళికొడుకు తాళి కట్టేవాడు. ఒక సీను మీంచి ఇంకో సీనుకి పూలు రాలుతున్నట్టు పెడితే, ఆ పూలు రాలేలోపు కుసుమ వెళ్ళి పప్పులో తాలింపు వేసి వచ్చేది.

"నువ్వేదో నొక్కేసుంటావు," అన్నాడు ప్రకాశరావు.

"రోజూ నొక్కేవే నొక్కుతున్నానండీ."

"నీకు చేతకాదని ముందే చెప్పుంటే ఇంకెవరినన్నా పెట్టుకునేవోణ్ణి కదా."

ఆపి మళ్ళీ పెట్టాడు. ఆటలు తీసేశాడు. వైరస్ చూసే ప్రోగ్రాము కూడా తీసేశాడు. మార్పు లేదు. బాపిరాజుగారి అల్లుడు బెంగుళూరు వెళ్ళిపోతున్నాడని, వెళ్ళేటప్పుడు సీడీలు చేతిలో ఉండాలని కబురు మీద కబురు వస్తోంది. చివరికి ఎవరో ఫోనులో, డిస్కులో ఖాళీ లేకపోతే ఇలాగే అవుతుందని చెప్పారు. ప్రకాశరావు కుర్చీ లాక్కుని కుసుమ పక్కన కూర్చున్నాడు.

"ఏం తీసేయొచ్చో చూడు," అన్నాడు.

డాక్టరు గారి అమ్మాయి ఓణీల ఫంక్షను ఉంది. అమలాపురం వాళ్ళది. దాన్ని ముట్టుకోవద్దన్నాడు. ఒక చర్చి పండుగ ఉంది. పాస్టరు గారు ఊరుకోరన్నాడు. దాని కింద బుల్లెమ్మ మనవరాలి ఓణీల ఫంక్షను ఉంది.

"అది తీసెయ్," అన్నాడు.

బుల్లెమ్మ పక్క యార్డులోనే పీచు ఆరబెట్టే పని చేసేది. ఆవిడ కూతురు గంగాదేవి మొగుడు పోయాక కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళింది. వెళ్ళేనాటికి దాని కూతురు భవాని ఇంకా నోట్లో వేలేసుకునే పిల్ల. ఆ తరువాత గంగాదేవి ఒక్కసారీ ఊరు రాలేదు. ఇప్పుడు పిల్ల ఓణీలు ఇచ్చే ఈడుకొచ్చింది. ఫంక్షనుకి రాలేనని, కనీసం వీడియో తీయించి పంపమని గంగాదేవి ఫోనులో తల్లి ప్రాణం తీసింది.

"టేపు మీద ఉందాండీ ఇది?" అంది కుసుమ.

"ఆ టేపు మీదే బాపిరాజుగారమ్మాయి పెళ్ళి తీసేను."

"మరి ఇదొక్కటే కదండీ ఉన్నది."

"అయితే? బుల్లెమ్మ ఏం చేసుద్ది? అడుగుద్ది, రేపంటాం. మళ్ళీ అడుగుద్ది, మళ్ళీ రేపంటాం. బాపిరాజుగారికి రేపని నువ్వు చెబుతావా?"

కుసుమ మౌసు జరిపి, బాణం గుర్తు ఆ పేరు మీద పెట్టి ఆగింది.

"నొక్కు," అన్నాడు.

నొక్కింది. చెత్తబుట్టలోంచి కూడా తీసేయమన్నాడు. అదీ తీసేసింది. తరువాత పూలు రాలే సీను మళ్ళీ పెట్టి చూశారు. పూలు ఎప్పటిలాగే ఆగి ఆగి రాలాయి.

మర్నాడు అమలాపురం నుంచి రాజేంద్ర అనే మెకానిక్ వచ్చాడు. కంప్యూటరు పక్క రేకు విప్పి, లోపలికి చూసి, నవ్వాడు. ఫ్యాను రెక్కల మధ్య, దాని కింద దువ్వెన లాంటి అల్యూమినియం పళ్ళ మధ్య, పీచు పొడి దిమ్మ కట్టి ఉంది. పెయింటు బ్రష్షు తెప్పించి గీకాడు. గుప్పెడు వచ్చింది.

"గాలాడక ఏడెక్కిపోతందండి. ఏడెక్కితే కాలిపోకుండా అదే నెమ్మదిగా పనిచేసుద్ది. అంతేనండి, ఇంకేం లేదు," అన్నాడు.

మూత పెట్టి నడిపించాడు. పెళ్ళి వీడియో చకచకా పరుగెత్తింది. తాళీ మేళమూ కలిసి వచ్చాయి.

"డిస్కులో ఖాళీ లేకనుకున్నామండీ," అంది కుసుమ. "ఒక ఫంక్షను తీసేసేం."

"అక్కర్లేదండి. ఇంకా చాలా ఖాళీ ఉంది."

"తీసేసింది మళ్ళీ రాదాండీ?"

"దానిమీద కొత్తది ఎక్కించకపోతే రావొచ్చండి. చాలామట్టుకు వచ్చేసుద్ది. కాకపోతే కంప్యూటరు నా దగ్గర నాలుగు రోజులు వదిలెయ్యాలి."

ప్రకాశరావు వీధి గుమ్మంలో చెప్పులేసుకుంటున్నాడు. "నాలుగు రోజులా? పనున్న మిషనండీ అది. వదిలేత్తే మా కడుపు ఎవరు నింపుతారు?" అని, రాజేంద్రని బస్సెక్కించడానికి తీసుకెళ్ళిపోయాడు. తిరిగొచ్చి బాపిరాజుగారి రెండో టేపు కంప్యూటర్లోకి ఎక్కించమన్నాడు. కుసుమ ఎక్కించింది.

బాపిరాజుగారి సీడీలు వెళ్ళాయి. బుల్లెమ్మ మాత్రం పని దిగాక రోజూ వచ్చి గుమ్మం కిందే నిలబడేది. పైకి రమ్మన్నా వచ్చేది కాదు, ఒంటినిండా పొడి అని.

"అయ్యిందా బాబూ?"

"నీ యార్డు పొడేగా పిన్నీ కంప్యూటరు కొంప తీసింది. మెకానిక్కొచ్చి గుప్పెడు తీసేడు. నీ మూలానే నీ సీడీ ఆగింది," అనేవాడు ప్రకాశరావు.

ఆవిడ ఆ తప్పు తనదే అన్నట్టు తల దించుకునేది. ఒకరోజు తడిగుడ్డ తెచ్చి, కిటికీ ఊచలన్నీ బయట నుంచి తుడిచి వెళ్ళింది.

ఇంతలో ఓడలరేవు ఊరి మనిషి ఒకడు కువైట్ వెళ్తున్నాడని, వాడి చేతికి సీడీ ఇస్తే గంగాదేవికి అందుతుందని తెలిసింది. బుల్లెమ్మ గుమ్మం దగ్గరే కూలబడి, ఈసారి ఇచ్చేదాకా కదలనంది. ప్రకాశరావు, ఆయ్, సాయంత్రం ఇచ్చేత్తాం అని పంపించి, కుసుమతో నింపాదిగా చెప్పాడు.

"డాక్టరు గారి అమ్మాయిది ఉంది కదా. అందులోంచి చెయ్యి."

"ఏంటండీ మీరనేది? తల్లికి బిడ్డ తెలీదా?"

"చంటిదాన్ని ఒదిలేసెళ్ళింది, ఏం తెలుసుద్ది? మొహం సరిగ్గా కనపడకుండా చెయ్యి. నీకు అన్నీ వచ్చు కదా."

కుసుమ ముందు ఏడ్చుకుంటూ మొదలుపెట్టింది. ఎదురు మొహాలన్నీ తీసేసింది. పిల్ల తల వంచుకున్నవి, పక్కకి తిరిగినవి, జడ, గాజుల చేతులు, అక్షింతలు పడుతున్న భుజాలు ఉంచింది. తప్పనిసరైన చోట మొహం మీద మంచు పట్టినట్టు చేసి చుట్టూ మల్లెల చట్రం పెట్టింది. చుట్టాలందర్నీ కోసేసింది. పని సాగేకొద్దీ ఏడుపు ఆగిపోయింది. కంప్యూటరు చెప్పినట్టు వింటోంది, అనుకున్నది అనుకున్నట్టు వస్తోంది. అయ్యాక మొదటినుంచీ వేసి చూసుకుంది. తను ఇంతవరకూ చేసినవాటిలో అదే బాగుందనిపించింది. సీడీ మీద పిల్ల పూర్తి పేరు, దుర్గాభవాని అని స్కెచ్ పెన్నుతో అందంగా రాసింది.

బుల్లెమ్మ దాన్ని రెండు చేతులా అందుకుంది. ఆవిడ ఇంట్లో సీడీ వేసి చూసే సాధనం ఏదీ లేదు. ఉన్నవాళ్ళింటికి తీసుకెళ్ళే వ్యవధీ లేకుండా, ఓడలరేవు మనిషికి ఆ సాయంత్రమే అందించింది.

గంగాదేవి ఫోను ప్రకాశరావు వాళ్ళింటికే వచ్చేది. కొన్నాళ్ళకి ఆ ఫోను వచ్చినప్పుడు, కుసుమ యార్డులోకి కేకేసి బుల్లెమ్మని పిలిచింది. ఆ ఫోనులో అవతలి మాట గదంతా వినపడేది.

"అమ్మా, చూసేనే. మా గదిలో అందరూ చూసేరే. పిల్ల ఎంత ఒళ్ళు చేసిందే. ఎంత తెల్లగా ఉందే. అచ్చం వాళ్ళ నాన్నే."

"ఆయ్, అవునే," అంది బుల్లెమ్మ. పొడి పట్టిన చెంపల మీద నీళ్ళు చారలు కట్టాయి.

"నువ్వెక్కడా కనపళ్ళేదేమే?"

"మొగుడు పోయినదాన్ని, శుభమా అని జరుగుతుంటే ముందుకెలా వత్తానే? ఎనకాల వంట దగ్గరున్నాను."

"దాని మెళ్ళో ముత్యాల హారం ఎవరిదే?"

బుల్లెమ్మ తెల్లబోయింది. ఫోను చేత్తో మూసి కుసుమ వైపు తిరిగింది. "హారం అంటందేంటి కుసుమమ్మా? మేం ఏం ఎయ్యలేదే."

"కంప్యూటర్లో వేసేం పిన్నీ," అంది కుసుమ. "అందంగా ఉంటుందని."

బుల్లెమ్మ ఆ మాటే ఫోనులో చెప్పింది. కువైట్‌లో గంగాదేవి నవ్వింది. ఇక్కడ బుల్లెమ్మా నవ్వింది. వెళ్తూ వెళ్తూ కుసుమ గడ్డం పుణికి, మా పిల్లకి హారం వేసేవా తల్లీ అని తన చేతి వేళ్ళు ముద్దెట్టుకుంది.

రెండో ఏడు గంగాదేవి సెలవు మీద ఊరొచ్చింది. పెట్టెనిండా పిల్లకి బట్టలు తెచ్చింది. ఆటో దిగి, ముందు నిలబడ్డ పిల్లల్లో తన బిడ్డ కోసం వెతుకుతుంటే, భవానే ముందుకొచ్చి, "నేనేనమ్మా," అంది. సన్నగా, నల్లగా, కళ్ళు మాత్రం పెద్దవి. తెచ్చిన బట్టల్లో ఒక్కటీ దానికి సరిపోలేదు. అన్నీ భుజాల మీంచి జారిపోయాయి.

గంగాదేవి ఆ బట్టలు మంచం మీద పడేసి తల్లి వైపు తిరిగింది.

"ఫంక్షనప్పుడు ఎంత పుష్టిగా ఉందమ్మా ఇది? నెల నెలా పంపిన డబ్బులేం చేసేవు? నా పిల్లని ఎండగట్టేసేవు కదే."

"అదెప్పుడూ ఇంతేనే. ఒంటికి పట్టదు."

"నా కళ్ళతో చూసేను. ఎన్నిసార్లు చూసేనో నీకు తెలుసా? సీడీ గీతలు పడిపోయి ఆడ్డం మానేసేదాకా చూసేను."

వీధంతా విన్నారు. మర్నాడు బుల్లెమ్మ కుసుమ దగ్గరికొచ్చింది. ప్రకాశరావు అంతర్వేదిలో ఎవరిదో పెళ్ళికి వెళ్ళాడు. ఈసారి బుల్లెమ్మ పిలవకుండానే గుమ్మమెక్కి లోపలికొచ్చింది.

"ఒక్కసారి ఆ వీడియో మా అమ్మాయికి చూపించు కుసుమమ్మా. పిల్ల అప్పుడూ సన్నగానే ఉంది కదా."

"ఇప్పుడు లేదు పిన్నీ. తీసేసేం."

"పోనీ నువ్వొచ్చి ఒక మాట చెప్పు. నువ్వు చూసేవుగా. రోజూ దాన్ని చూసుకుంటా కత్తిరించేవుగా. నీ మాటైతే వింటది. పిల్లని రావులపాలెం హాస్టల్లో పడేత్తానంటంది. నా దగ్గర ఉంచనంటంది."

కుసుమ మానిటరు వైపు తిరిగింది. నిజం చెప్పాలంటే మొదటినుంచీ చెప్పాలి. చెబితే ఈ ముసల్ది ఊరుకున్నా గంగాదేవి ఊరుకోదు. డాక్టరు గారి పిల్ల వీడియో ఎవరికో పంపారని తెలిస్తే ఇంకెవరూ వీళ్ళని శుభానికి పిలవరు. మొగుడు ఏమంటాడో కూడా ఆలోచించింది.

"నాకు గుర్తున్నంతవరకూ," అంది నెమ్మదిగా, "అప్పుడు కొంచెం ఒళ్ళు చేసే ఉంది పిన్నీ."

బుల్లెమ్మ కుసుమ మొహంలోకి చూసింది. దెబ్బలాడలేదు. "నువ్వు కూడా అంటే నిజమే అయ్యుంటది," అంది. "పొద్దున్నే పన్లోకి పోయేదాన్ని. అది తిన్నాదో లేదో చూసేదాన్ని కాదు. నా కళ్ళకే తెలీలేదు."

మెట్టు దిగి వెళ్ళిపోయింది. కుసుమ తలుపేసుకుని, మధ్యలో వదిలేసిన సీమంతం వీడియో పూర్తి చేసింది.

గంగాదేవి పిల్లని హాస్టల్లో చేర్చి కువైట్ వెళ్ళిపోయింది. మళ్ళీ తల్లికి ఫోను చేయలేదు. డబ్బు నేరుగా హాస్టలుకే పంపేది. బుల్లెమ్మ ఆదివారాలు క్యారేజీ నిండా అన్నం, గుడ్లు, చేపల పులుసు పెట్టుకుని రావులపాలెం బస్సెక్కేది. హాస్టలు వరండాలో భవానిని ఎదురుగా కూర్చోబెట్టి, ముద్ద మీద ముద్ద పెట్టేది. చాలమ్మమ్మా అంటే వినేది కాదు.

"మీ అమ్మకి నిన్ను మళ్ళీ అప్పట్లా చేసి చూపించాలే," అనేది.

భవాని తినేది. మింగుడు పడక కళ్ళల్లో నీళ్ళు తిరిగినా నోరు తెరిచేది. ముసల్ది బస్సెక్కాక గోడవారకి వెళ్ళి అంతా వాంతి చేసుకునేది.