తీసేసిన మాట

శుక్రవారం సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలకు, మ్యాట్నీ నడుస్తుండగా, ప్రొజెక్టర్ గదిలోంచి పోలీసులు గేటుమనిషిని తీసుకుపోయారు. హాల్లో అందరూ అతణ్ణి టార్చి అంటారు. ఆపరేటర్‌కి సొంత బామ్మర్ది. ఆ ఉద్యోగం ఇప్పించిందీ ఆపరేటరే.

సినిమా ఒక రాజుగారి వంటవాడి కథ. ప్రజలు సుఖంగా ఉన్నారని మంత్రి చెప్పినప్పుడు వంటవాడు గరిటె కింద పెట్టి ఒక్క మాట అంటాడు: అబద్ధం. సెన్సారువాళ్లు ఆ మాటకు శబ్దం తీసేశారు. పెదవులు కదులుతాయి, అంతే. మొదటి వారం అక్కడ జనం దగ్గారు, కొందరు బయటికెళ్లి సిగరెట్ కాల్చుకొచ్చారు. రెండో వారంలో రేషన్ సగానికి తగ్గింది. కొరతేమీ లేదని పత్రికలు రాశాయి. మూడో వారం నుంచి పెదవులు కదలగానే హాలంతా ఆ మాట అనడం మొదలుపెట్టింది, నేల నుంచి బాల్కనీ దాకా.

ఇన్‌స్పెక్టర్ రెండు రోజులు మఫ్టీలో వచ్చి కూర్చుని రికార్డు చేసుకున్నాడు. శుక్రవారం అదే మఫ్టీలో మెట్లెక్కి ప్రొజెక్టర్ గదిలోకి వచ్చి, ఫోన్ బల్ల మీద పెట్టి వినిపించాడు. హాలు అనడానికి అరక్షణం ముందు ఒక గొంతు ఉంది. మిగతావాళ్లు దాన్ని అందుకుంటున్నారు.

"తలుపు దగ్గర్నుంచి వస్తోంది. ఎవరిదిది?"

ఆపరేటర్‌కి మొదటిసారి వినగానే తెలిసింది. పదకొండేళ్లుగా ఒకే ఇంట్లో వింటున్న గొంతు.

"జనంలో ఎవడో సార్. రోజుకో మొహం."

"తలుపు దగ్గర ఉండేది మీ బామ్మర్దే కదయ్యా?"

"వాడా! ఆట మొదలవగానే సైకిల్ స్టాండుకి పోతాడు సార్. ఈ సినిమాలో మొదటి పాట కూడా చూసుండడు."

ఇన్‌స్పెక్టర్ లేవబోయాడు. అప్పుడే టార్చి రెండు టీ గ్లాసులతో లోపలికొచ్చాడు.

"ఏంటి బావా, చుట్టాలొచ్చారా? చెప్తే ఇంకోటి తెచ్చేవాణ్ణిగా."

"సినిమా ఆఫీసు నుంచొచ్చా" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "నువ్వీ సినిమా ఒక్కసారి కూడా చూళ్లేదట? మీ బావ చెప్తున్నాడు."

ఆపరేటర్ ఇన్‌స్పెక్టర్ వెనక నుంచి కళ్లెర్రజేశాడు. బావ వేళాకోళమాడుతున్నాడనుకున్నాడు టార్చి.

"అబద్ధం! నలభై ఆటలు చూశా సార్. మా బావకి నేనంటే మరీ చులకన. ఏ డైలాగైనా అడగండి, చెప్తా."

"మొదట అన్నావే, అది మళ్లీ అను."

టార్చి గ్లాసులు కింద పెట్టి, గొంతు సవరించుకుని, మళ్లీ అన్నాడు.

ఇన్‌స్పెక్టర్ ఫోన్ జేబులో పెట్టుకుని కింద మఫ్టీలోనే ఉన్న కానిస్టేబుళ్లను పిలిచాడు. మెట్లు దిగుతూ టార్చి వెనక్కి తిరిగాడు.

"బావా, అక్కకి చెప్పకు. ఊరికే కంగారు పడుతుంది."

ఆ సాయంత్రం ఆటకు కొత్త కాపీ వచ్చింది. అందులో వంటవాడూ మంత్రీ ఎదురుపడే సీను లేదు.

శనివారం పొద్దున ఆపరేటర్ భార్య అన్నం క్యారేజీ పట్టుకుని స్టేషన్‌కు వెళ్లింది. తమ్ముడు అక్కడ లేడని చెప్పారు. ఆమె కదలకపోయేసరికి రిజిస్టరు తెరిచి చూపించారు. శుక్రవారం పేజీలో ఎవరి పేరూ లేదు.