కాటాగారి కంటి తూకం

మందుల దుకాణం ఆయన్ని వీధంతా కాటాగారు అనేది. ఆ పేరు ఎవరో ఎగతాళికి పెట్టి ఉంటారని ఆయనకు ఎన్నడూ తట్టలేదు. పైపెచ్చు మురిసిపోయేవాడు. పిల్లలకు మందు బరువును బట్టి వెయ్యాలని ఆయన పట్టుదల. అంతవరకూ బాగానే ఉంది. కాకపోతే తూచే మిషన్ పక్కనే ఉన్నా, దాని మీద దూది అట్టపెట్టెలు పేర్చేసి, కౌంటర్ మీంచి తొంగిచూసి, ఒక కన్ను మూసి, "పన్నెండు కిలోలు" అని తేల్చేసేవాడు. అనుమానమొచ్చి ఎవరైనా తర్వాత తూయిస్తే అంతే ఉండేది. దాంతో ఆయనకు నెత్తి మీద కొమ్ములు మొలిచాయి.

కరోనా వచ్చాక ఆ కొమ్ములు ఇంకా పెరిగాయి. ఫోన్లలో తిరిగే మందుల పేర్లు పట్టుకుని జనం దుకాణం మీద పడేవారు. ఒక తాతగారైతే తనకు వాడిన బిళ్ళల్నే పక్కనున్న మనవడికి సగం చేసి ఇమ్మన్నాడు.

"పిల్లలంటే సగం సైజు పెద్దవాళ్ళు కాదండీ," అన్నాడు కాటాగారు, వెనక నిలబడ్డవాళ్ళకి కూడా వినపడేలా. "వీటితో మీవాడికి పనే లేదు. జ్వరానికి సిరప్ వెయ్యండి, నీళ్ళు బాగా పట్టండి, కనిపెట్టుకుని ఉండండి. ఆయాసం వచ్చినా, మగతగా ఉన్నా డాక్టర్ దగ్గరికి పరిగెత్తండి. ఇంతకీ వాడు పద్నాలుగు కిలోలుంటాడు."

తాతగారు నోరెళ్ళబెట్టాడు. కాటాగారు మీసం మెలేద్దామనుకున్నాడు గాని, చేతికి గ్లవుజు, మూతికి మాస్కు అడ్డమొచ్చాయి.

దుకాణం ముందు, ఇల్లు వెనక. రోజంతా దగ్గే జనం మధ్య ఉండి ఇంట్లోకి ఎలా వెళ్తాడు? అందుకని సరుకు గదిలోనే మంచం వేసుకున్నాడు. ఒక వేవ్ తగ్గిందని లోపలికి వెళ్దామనుకునేసరికి ఇంకో వేవ్ లేచేది. అలా రెండేళ్ళు కావస్తోంది. ఆ గదికీ హాలుకీ మధ్య అద్దం బిగించిన కిటికీ ఉంది. కూతురు చిట్టి పొద్దుటా సాయంత్రం అటువైపు నిలబడి కబుర్లు చెప్పేది. ఈయన ఇటువైపు మాత్రల అట్టలు సర్దుకుంటూ ముఖం చూసి నవ్వేవాడు. తన త్యాగం మీద తనకే మహా గౌరవం.

అంత చేసినా కరోనా ఇంట్లో దూరనే దూరింది. ముగ్గురికీ పాజిటివ్. దుకాణానికి షట్టర్ దించి కాటాగారు లోపలికి చేరాడు. మొగుడూ పెళ్ళాలకి ఒళ్ళునొప్పులతో సరిపెట్టింది గాని చిట్టికి ఒళ్ళు కాలిపోతోంది. దుప్పటిలో ముడుచుకుని పడుకున్న కూతుర్ని చూసి ఆయన అలవాటు కొద్దీ ఒక కన్ను మూశాడు.

"పదిహేను," అంటూ సిరంజిలోకి సిరప్ లాగాడు.

"పిల్ల సాగిందండీ. ఒకసారి తూచి చూడకూడదూ," అంది భార్య.

"ఊళ్ళో పిల్లలందర్నీ చూసేవాణ్ణి. నా పిల్ల బరువు నాకే చెప్తావా."

పేరున్న మనిషితో వాదించి నెగ్గినవాళ్ళెవరు.

జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్ళీ ఎగబాకింది. ఎన్నిసార్లు వేసినా అదే వరస. చిట్టి నీళ్ళు కూడా వద్దంటోంది. కౌంటర్ దగ్గర తల్లులకు రోజూ నూరిపోసే ధైర్యం కాటాగారికి ఒక్క ముక్కైనా గుర్తుకు రాలేదు. కూతురి ఊపిరి లెక్కపెట్టబోయి, మధ్యలో లెక్క తప్పి, మళ్ళీ మొదలెట్టాడు. రోగాన్ని తన చేతులతోనే ఇంట్లోకి తెచ్చానని, పిల్ల తనకు దక్కదేమోనని ఆయనకు భయం. చివరికి, తన సరుకు గది మకాం సంగతి తెలిసిన పిల్లల డాక్టరమ్మకి ఫోన్ చేశాడు.

"మందు పనిచేయట్లేదమ్మా. ఇది మామూలుది కాదు. ఆసుపత్రికి తెచ్చేస్తాను."

"ఆయాసం ఉందా? మాట్లాడుతోందా?"

"ఆయాసం లేదు. మాట్లాడుతోంది. నన్నే విసుక్కుంటోంది."

"మంచిదే. సిరప్ ఎంత బరువుకి వేస్తున్నారు?"

"పదిహేను కిలోలకి."

"ఎప్పుడు తూచారు?"

"తూచక్కర్లేదమ్మా. నాకు చూస్తే తెలిసిపోతుంది."

"మీరు చూసి ఎన్నాళ్ళయింది?"

కాటాగారు ఫోన్ భార్య చేతిలో పెట్టి, చిట్టిని ఎత్తుకోబోయాడు. నడుం కలుక్కుమంది. ఎలాగో ఎత్తుకున్నాక చూస్తే పిల్ల పాదాలు ఆయన మోకాళ్ళ దగ్గర వేలాడుతున్నాయి. ఆయనకు గుర్తున్న పిల్ల ఇలా లేదు. దుకాణంలోకి తీసుకెళ్ళి, అట్టపెట్టెల్ని కాలితో తోసేసి, మిషన్ మీద నిలబెట్టాడు. ముల్లు పదిహేను దాటింది. ఆగుతుందేమోనని చూశాడు. అది ఇరవై దాకా వెళ్ళి ఆగింది. వెనకే వచ్చిన భార్య ఆ అంకె ఫోన్లో చెప్పింది.

"మీరు రెండేళ్ళ కిందటి పిల్లకి మందు వేస్తున్నారు," అంది డాక్టరమ్మ స్పీకర్లోంచి. "తర్వాతిసారి నుంచి ఇప్పటి పిల్లకి వెయ్యండి. నీళ్ళు గుక్క గుక్కగా పట్టండి. ఆయాసం వచ్చినా, మగతగా ఉన్నా వెంటనే తీసుకురండి."

తాను వీధంతటికీ చెప్పే ముక్కలే అవి. కాటాగారు బుద్ధిగా తలూపుతూ విన్నాడు, ఫోన్లో తలూపితే కనబడదని కూడా తోచలేదు.

సాయంత్రానికి చిట్టి నుదురు చెమట పట్టింది. నీళ్ళు తానే అడిగి తాగింది. కాటాగారు మంచం పక్కన నేల మీద కూలబడి ఏడ్చాడు. భార్య చూస్తే జలుబని చెప్పుకోవడానికి కరోనా ఉండనే ఉంది.

"నువ్వింత పొడుగయ్యావని నాకు తెలియనే లేదే చిట్టీ," అన్నాడు ముక్కు తుడుచుకుంటూ. "కిటికీలో నీ ముఖం ఎప్పుడూ అదే ఎత్తులో కనబడేది కదా."

"మొదట్లో పీట వేసుకుని నిలబడేదాన్ని నాన్నా. తర్వాత అక్కర్లేకపోయింది. పీట తీసేశానని నీకు చెప్పాను కూడా."

"నేనేమన్నాను?"

"ఊఁ అన్నావు."