ఇత్తడి పట్టీ మీద బొటనవేలు

విశ్వేశ్వర్‌కు పాత సామాను పిచ్చి. ఆదివారం వచ్చిందంటే కార్వాన్ బస్తీలోని తన రెండు గదుల ఇంట్లో గరుకు కాగితాలు, పాలిష్ ముద్దలు, బనియన్ పేలికలు తప్ప కాలు పెట్టే చోటుండదు. ఊరందరి లాంతర్లూ గడియారాలూ మెరిపించాడు గానీ, సొంతింటి టేబుల్ ఫ్యాన్ మీద మాత్రం తల్లి రుక్మాబాయి అతణ్ని చెయ్యి వేయనిచ్చేది కాదు.

అది అతని తండ్రి బుచ్చయ్య కొన్నది. ఇత్తడి రెక్కలు, బరువైన దిమ్మ. దానంతటది అటూ ఇటూ తిరిగే రకం కాదు, గాలి ఎటు కావాలంటే అటు మెడ పట్టుకుని తిప్పాలి. ఊరంతా పాలు పోసి మధ్యాహ్నానికి ఇల్లు చేరే బుచ్చయ్య, కునుకు తీస్తున్న వాళ్లలో ఎవరికి చెమట పడితే వాళ్ల వైపు ఫ్యాన్ తిప్పి గానీ అన్నానికి కూర్చునేవాడు కాదు. పాలూ వెన్నా అంటిన చేత్తో ఏళ్ల తరబడి పట్టుకోగా, మెడకున్న ఇత్తడి పట్టీ మీద బొటనవేలంత నల్లమచ్చ దిగిపోయింది. పండగలకు ఇంట్లో ఇత్తడంతా చింతపండుతో తోమే రుక్మాబాయి ఆ మచ్చను మాత్రం ముట్టేది కాదు. బుచ్చయ్య పోయాడు, బర్రెలూ పోయాయి, ఇంట్లోకి ప్యాకెట్ పాలు వచ్చాయి. మచ్చ ఉండిపోయింది.

ఈ ఎండాకాలం తల్లి తన చెల్లెలింటికి పోవడం చూసి విశ్వేశ్వర్ ఫ్యాన్ విప్పాడు. తిరిగొచ్చి చూసి సంబరపడాలని కొడుకు ముచ్చట. గరుకు కాగితం పట్టాడు, తర్వాత నున్నటిది, ఆ తర్వాత పాలిష్. మచ్చ మొండికేసింది. మొండితనంలో తనేం తక్కువ తిన్నాడా? పాలిష్ మిషన్ చక్రానికి ఆనించి మరీ ఊడదీశాడు. మళ్లీ చేతి గుర్తులు పడకుండా పైన గాజులా మెరిసే లక్కర్ వార్నిష్ పూశాడు. పట్టీలో తన ముఖం తనకే కనబడితే మురిసిపోయాడు.

రుక్మాబాయి మురవలేదు. పట్టీని వేళ్లతో తడిమింది.

"మీ బాపు ఏలు ఏడ పెట్టాల్నిరా ఇగ?" అంది.

అప్పుడు చెప్పింది అసలు సంగతి. ఆయన పోయినప్పటి నుంచీ, మధ్యాహ్నం ఆమె ఒక్కతే పడుకుంటే, గోడ వైపు పెట్టిన ఫ్యాన్, ఆమె నిద్ర లేచేసరికి తన వైపు తిరిగి ఉండేదట. చాదస్తమంటారని ఎవరికీ చెప్పలేదట. విశ్వేశ్వర్ కూడా చాదస్తమే అనుకున్నాడు, పైకి అనలేదంతే.

అప్పటినుంచి ఫ్యాన్ ఎటు పెడితే అటే ఉండిపోయింది. రుక్మాబాయి చెమటలో నానుతూ పడుకునేది, కొడుకు తిప్పబోతే వద్దనేది. తిండి తగ్గింది, మాట తగ్గింది. అమ్మ ఇట్లాగే చేజారిపోతుందేమోనని విశ్వేశ్వర్‌కు భయం పట్టుకుంది.

తర్వాత ముద్రలు మొదలయ్యాయి. స్టీలు చెంబు మీద జిడ్డుగా ఒక బొటనవేలు. బీరువా అద్దం మీద, కిటికీ చువ్వ మీద. స్విచ్‌బోర్డు చుట్టూ, కరెంటు పోయిన ఇంట్లో ఎవరో తడుముకున్నట్టు. విశ్వేశ్వర్ చెంబును ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పచ్చిపాల వాసన.

"ఎతుకుతున్నడు," అంది తల్లి, పక్కింటాయన సంగతి చెప్పినంత మామూలుగా.

ఆ ఆదివారం మధ్యాహ్నం అతను రంగు కరిగించే థిన్నర్‌లో ముంచిన పేలికతో పట్టీ మీది లక్కరంతా కడిగేశాడు. వట్టి ఇత్తడి బయటపడింది. తల్లి చాప మీద పడుకుంది. ఫ్యాన్‌ను తలుపు వైపు పెట్టి స్విచ్ వేసి, తను ఎదుటి మూలలో కూర్చున్నాడు. నిద్రపోకూడదనుకున్నాడు. భయానికో ఉక్కకో బనియన్ ఒంటికి అంటుకుపోయింది. ఎప్పుడో కన్ను మూతపడింది.

చల్లగా తగిలి లేచాడు. గాలి తిన్నగా అతని ముఖానికే కొడుతోంది. పట్టీ మీద బొటనవేలంత తడి, గదంతా పచ్చిపాల వాసన.

రుక్మాబాయి లేచి కూర్చుని చూస్తోంది. కళ్లలో నీళ్లున్నా ముఖం తేటపడింది.

"ముందుగాల నీ దిక్కే తిప్పేటోడు," అంది. "నాకు ఎప్పుడూ ఎనకనే."

విశ్వేశ్వర్ లేచి ఫ్యాన్‌ను ఆమె వైపు తిప్పబోయాడు. మెడ కదల్లేదు. అవతలి నుంచి ఎవరో గట్టిగా పట్టుకున్నట్టుంది.

"ఉండనియ్యి బిడ్డా, నీ చెమట ఆరాలె," అంది తల్లి.

అతను చెయ్యి తీసి అక్కడే నిలబడ్డాడు. చెమట ఆరింది. అప్పుడు ఫ్యాన్ మెల్లగా అతన్ని వదిలి, తల్లి వైపు తిరిగింది.